ఇంట్లోనే వేషం, ఇంట్లోనే కేకు: విశాఖలో మొదటిసారి చేస్తున్న అమ్మానాన్నల ప్రశ్నలు

మా ఇద్దరు పిల్లలకు ఐదేళ్లుగా ఫ్యాన్సీ డ్రెస్సులు, పుట్టినరోజు కేకులు ఇంట్లోనే చేస్తున్నాం. కుట్టడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. కేకు మాత్రం చేస్తూ చేస్తూ వచ్చింది. అపార్ట్‌మెంట్‌లోనూ స్కూలు గేటు దగ్గరా తోటి తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్నలనే ఇక్కడ పోగేశాను. మనది సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, గాలిలో ఎప్పుడూ తేమే. చల్లటి ఊళ్లవాళ్లు చెప్పే కొలతలూ టైములూ ఇక్కడ చాలాసార్లు కుదరవు. అందుకే మన వాతావరణంలో పనికొచ్చినవే రాశాను.

కుట్టు మిషన్ లేదు, సూది పట్టడమే అంతంతమాత్రం. వేషం చేయగలనా?

చేయగలరు. మొదటి వేషానికి మూడు పనులు వస్తే చాలు: మామూలు కుట్టు వేయడం, అంచు మడిచి హెమ్మింగ్ చేయడం, పిన్నీసుకు ఎలాస్టిక్ తగిలించి నేఫాలోంచి (నడుము దగ్గర మడిచి కుట్టిన గొట్టంలోంచి) లాగడం. ఈ మూడూ ఒక ఆదివారం మధ్యాహ్నం పాత దిండు గలీబు మీద సాధన చేయండి.

కొలతలకు టేపు కంటే పిల్లలకు ఇప్పుడు సరిపోతున్న బట్టలే నమ్మకం. సరిగ్గా పట్టే చొక్కాను పాత దినపత్రిక మీద పరిచి చుట్టూ గీత గీయండి. ఆ గీతకు అన్ని వైపులా ఒకటిన్నర అంగుళాలు వదిలి కాగితం కత్తిరించండి. ఆ కాగితాన్ని బట్ట మీద పెట్టి కోయండి. ముందు టాకాలు వేసి, పిల్లలకు తొడిగి చూసి, ఆ తర్వాతే అసలు కుట్టు వేయండి. వదులైతే లోపలికి పట్టొచ్చు. బిగుతైతే చేసేదేమీ ఉండదు.

ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి?

వేషానికి రెండు వారాలు కావాలి. మొదటి వారాంతంలో బట్ట కొని కోయడం, రెండో వారాంతంలో కుట్టడం. మూడు రోజుల ముందు పూర్తి వేషం వేయించి, ఇంట్లో అరగంట తిరగనివ్వండి. ఎక్కడ జారుతుందో, ఎక్కడ గుచ్చుకుంటుందో ఆ అరగంటలోనే తెలుస్తుంది. కేకైతే ముందు రోజు పొద్దున కాల్చి, రాత్రి మొదటి పూత పూసి ఫ్రిజ్‌లో పెట్టాలి. అలంకరణ పండగనాటి ఉదయం చేయాలి. రెండూ ఒకే రోజుకు పెట్టుకుంటే వేషాన్ని రెడీమేడ్‌గా అద్దెకు తెచ్చి, కేకు మీరు చేయండి. లేదా కేకు కొని, వేషం మీరు చేయండి. మొదటి సంవత్సరం రెండూ మీద వేసుకోవద్దని గట్టిగా చెబుతాను. పిల్లలకు కావలసింది ఆ రోజు మీరు వాళ్ల పక్కన ఉండడం.

కృష్ణాష్టమికి కృష్ణుడి వేషం వేయాలి. ఏమేం కావాలి?

మన దగ్గర ఎక్కువమంది పిల్లలకు మొదటి వేషం ఇదే. పసుపుపచ్చ పంచె, నడుముకు ఎర్రటి పట్టీ, పూసల దండలు, కిరీటం, నెమలి పింఛం, పిల్లనగ్రోవి.

పంచెను నిజంగా కట్టే పని పెట్టుకోవద్దు. మూడేళ్ల పిల్లాడి నడుము మీద అది నిలవదు. పసుపు కాటన్ బట్టతో వదులుగా పైజమా కుట్టి, ముందు వైపు కుచ్చిళ్లు విడిగా మడిచి నడుము పట్టీకి కుట్టేయండి. చూడ్డానికి పంచెకట్టే, తొడగడానికి ప్యాంటు. ఒంటికి తగిలే బట్ట కాటన్ అయి తీరాలి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మన ఊళ్లో వాన ఆగగానే ఉక్కపోత మొదలవుతుంది. శాటిన్ బట్టలో పిల్లలకు చెమట పొక్కులు వచ్చేస్తాయి.

కిరీటానికి పాత శుభలేఖలు దాచుకోండి. మందంగా ఉంటాయి, బంగారు రంగు అచ్చు ఉంటుంది, పైసా ఖర్చు లేదు. ముందు పిల్లల తల చుట్టుకొలత తీసుకోండి. ఐదేళ్ల పిల్లలకు సుమారు 50 సెంటీమీటర్లు ఉంటుంది. అట్టను పూర్తి వలయంగా అంటించకుండా వెనక నాలుగు వేళ్ల ఖాళీ వదిలి, అక్కడ వెడల్పాటి ఎలాస్టిక్ కుట్టండి. తల మీద బిగుసుకోదు, పరుగెత్తినా ఎగిరిపోదు. నుదుటికి తగిలేచోట లోపలి వైపు మెత్తటి బట్ట అంటించాలి. మా బాబుకు మొదటి ఏడాది ఆ బట్ట పెట్టలేదు. సాయంత్రానికి నుదుటి మీద ఎర్రటి గీత పడింది. వాడు ఒక్కసారి కూడా నొప్పని చెప్పలేదు. అప్పటినుంచి ప్రతి వేషాన్నీ తిరగేసి, లోపలి వైపు చేత్తో తడిమి చూస్తాను.

వానాకాలంలో ఫెవికాల్ ఆరడానికి మామూలు కంటే చాలా సమయం పడుతుంది. రాత్రి అంటించి ఫ్యాను కింద పెట్టి, పొద్దున దాకా ముట్టుకోకండి. గ్లూ గన్ త్వరగా అంటుతుంది కానీ దాని జిగురు చర్మం మీద పడితే బొబ్బ లేస్తుంది. పిల్లలు నిద్రపోయాకే అది బయటికి తీయండి.

సామాను ఎక్కడ దొరుకుతుంది?

బట్ట, లేసులు, జరీ అంచులు, కుందన్లు, పూసలకు కురుపాం మార్కెట్, పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల వీధులు తిరిగితే చాలు. దాబాగార్డెన్స్, జగదాంబ వైపు ఫ్యాన్సీ షాపుల్లోనూ చాలా దొరుకుతాయి. గాజువాక వాళ్లు అంత దూరం రానక్కర్లేదు, అక్కడి మార్కెట్‌లోనే సరిపోతుంది. టైలర్ షాపులో అడిగితే మిగిలిన జాకెట్టు ముక్కలు ఇస్తారు. నడుము పట్టీలకు, తలపాగా అంచుకు అవి చాలు. కొనేముందు ఇంట్లో ఉన్నవి ఒకసారి మంచం మీద పరిచి చూసుకోండి. సగం సామాను అక్కడే ఉంటుంది.

స్కూల్లో స్వాతంత్ర్య సమరయోధుడి వేషం అడిగారు. మన ప్రాంతం వాళ్లెవరైనా ఉంటే బాగుంటుంది.

అల్లూరి సీతారామరాజు వేషం వేయండి. ఆయన 1897 జూలై 4న మన జిల్లాలోని పాండ్రంగిలో పుట్టారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు పట్టుకెళ్లారు. 1924 మే 7న అమరుడయ్యారు. స్టేజి మీద మాట్లాడాల్సి వస్తే ఇందులోంచి రెండు వాక్యాలు చాలు. "మన పక్క ఊళ్లో పుట్టాడు" అని చెబితే పిల్లలకు ఆయన మీద ఎక్కడలేని ఆసక్తి వస్తుంది. కుదిరితే వేషానికి ముందు ఆదివారం ఒకసారి పాండ్రంగి తీసుకెళ్లండి.

కాషాయం రంగు పంచె, పైన అదే రంగు ఉత్తరీయం, మెడలో రుద్రాక్షలు, గడ్డం, విల్లంబులు. గడ్డాన్ని ఏ జిగురుతోనూ ముఖానికి అంటించకండి. నల్లటి బట్టను గడ్డం ఆకారంలో కోసి, దాని మీద నల్ల ఊలు దగ్గర దగ్గరగా కుట్టి, మాస్కుకు ఉన్నట్టు రెండు చెవులకు ఎలాస్టిక్ పెట్టండి. నోటి దగ్గర వెడల్పుగా తెరిచి ఉంచాలి, లేకపోతే మాట బయటికి రాదు. విల్లుకు కొబ్బరి ఈనెలు ఇరవై దాకా కట్టగా చేర్చి, గోధుమ రంగు టేపు చుట్టండి. చక్కగా వంగుతుంది, విరిగినా గుచ్చుకోదు. బాణం చివర స్పాంజి ముక్క పెట్టండి.

సంక్రాంతికి హరిదాసు?

తెల్ల పంచె, తలపాగా, మెడలో పూలదండ, చేతిలో చిడతలు. తల మీద అక్షయపాత్రకు చిన్న ప్లాస్టిక్ గిన్నెను రాగిరంగు కాగితంతో చుట్టి, తలపాగాకే నాలుగు కుట్లు వేసి బిగించండి. బరువు ఉండకూడదు. భోగిపళ్లు పోసే రోజే ఈ వేషం వేస్తే తలపాగా తీసేసి పోయండి. రేగిపళ్లతో కలిపే చిల్లర నాణేలు చంటిపిల్లల నోట్లోకి వెళ్లకుండా ఒకరు పక్కన కూర్చోవాలి.

అమ్మమ్మ పాత పట్టుచీరతో పాపకు పరికిణీ కుట్టాలని ఉంది. కోయాలంటే మనసు రావట్లేదు.

కోయకండి. కోయకుండానే పరికిణీ అవుతుంది. చీరను పొడవునా సగానికి మడిస్తే పెద్ద అంచు కింద, మడత పైన వస్తుంది. పాప పొడవు ఇంకా తక్కువైతే పైభాగాన్ని లోపలికి మరికొంత మడవండి. కుచ్చిళ్లు పెట్టుకుంటూ, లోపల విడిగా కుట్టిన కాటన్ నడుము పట్టీకి టాకాలు వేయండి. సన్నటి సూది, పట్టు దారం వాడాలి. పిన్నీసులు గుచ్చితే పట్టు మీద చిల్లులు ఉండిపోతాయి. చీర మొత్తం పడితే లావవుతుంది కాబట్టి పల్లూ వైపు మిగిలిన భాగాన్ని వోణీలా వెనక నుంచి భుజం మీదకు తెచ్చేయొచ్చు. పండగ అయ్యాక టాకాలు విప్పితే చీర చీరలాగే ఉంటుంది.

చీర అప్పటికే మడతల దగ్గర చిట్లిపోతుంటే మాత్రం ధైర్యంగా కోయండి. బీరువాలో పొడి పొడి అయిపోవడం కంటే మనవరాలి ఒంటి మీద రెండేళ్లు మెరవడం మేలు. మా అమ్మ తన పెళ్లి చీరను తానే కత్తెరతో కోసి ఇచ్చింది. "దాచిందాక దాచాను, ఇంక చిన్నదాని మీద చూసుకోనీ" అంది. ఆ పరికిణీ అంచు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

వేషం వేసిన పది నిమిషాలకే పాప ఏడుపు మొదలుపెడుతుంది. ఏం చేయాలి?

ముందు మెడ వెనక, చంకల్లో, నడుము దగ్గర చూడండి. జరీ అంచు, చమ్కీల దారం ముడులు గీరుకుంటుంటాయి. లోపల పల్చటి కాటన్ బనియన్ వేస్తే చాలావరకు పోతుంది. తర్వాత చూడాల్సింది బాత్రూమ్. వేషం మొత్తం విప్పితే గానీ పాస్‌కి వెళ్లలేని పరిస్థితి ఉంటే పిల్లలు ఆపుకుంటారు, ఆపుకుని ఏడుస్తారు. అందుకే వెనక హుక్కుల వరుసలు పెట్టకుండా వెల్క్రో గానీ టిచ్ బటన్లు గానీ పెట్టండి. కింది భాగం, పై భాగం విడివిడిగా ఉండాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఏడుస్తుంటే తీసేయండి. ఫొటో లేకపోయినా ఫరవాలేదు.

ముఖానికి రంగులు పూయొచ్చా?

ముఖానికని ప్రత్యేకంగా అమ్మే నీటి రంగులైతే కొద్దిగా పూయొచ్చు. అదీ ముందు రోజు మోచేతి లోపలి వైపు చిన్న చుక్క పెట్టి, మర్నాటి దాకా దురద, ఎరుపు రాలేదని చూశాకే. పోస్టర్ కలర్లు, ఫ్యాబ్రిక్ పెయింట్లు ముఖానికి వాడకూడదు. కృష్ణుడికి ఒంటినిండా నీలం పూయడం అస్సలు అవసరం లేదు. నుదుట నామం, బుగ్గన చుక్క, నెత్తిన పింఛం ఉంటే ఎవరైనా గుర్తుపడతారు.

ఇక కేకు. మా ఇంట్లో ఓవెన్ లేదు.

దళసరి అడుగున్న పెద్ద గిన్నె, దానికి సరిపడా మూత ఉంటే చాలు. అడుగున రెండు కప్పుల ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడిచేయండి. తర్వాత పిండి పోసిన టిన్ లోపల పెట్టి, సన్న సెగ మీద 40 నుంచి 45 నిమిషాలు ఉంచండి. కుక్కర్‌లో చేస్తే గ్యాస్కెట్, విజిల్ రెండూ తీసేయాలి, నీళ్లు పోయకూడదు.

గుడ్డు లేని కేకుకు నేను వాడే కొలత: మైదా ఒకటిన్నర కప్పు, పంచదార ముప్పావు కప్పు, పెరుగు ఒక కప్పు, వాసన లేని నూనె అర కప్పు, బేకింగ్ పౌడర్ ఒకటింపావు టీస్పూను, వంటసోడా అర టీస్పూను, వెనిలా ఎసెన్స్ ఒక టీస్పూను. పెరుగులో పంచదార కరిగేదాకా కలిపి, బేకింగ్ పౌడర్, సోడా వేసి ఐదు నిమిషాలు వదిలేస్తే బుడగలు వస్తాయి. అప్పుడు నూనె, ఎసెన్స్, చివర జల్లించిన మైదా. మైదా వేశాక ఎక్కువ కలిపితే కేకు రబ్బరులా సాగుతుంది. ఏడంగుళాల టిన్‌కు ఇది సరిపోతుంది. సన్నటి పుల్ల గుచ్చి చూస్తే పొడిగా రావాలి. పూర్తిగా చల్లారకుండా క్రీము పూస్తే కరిగి కారిపోతుంది.

పంచదార బదులు అనకాపల్లి బెల్లం తురిమి వేస్తే రంగు ముదురుగా, రుచి కమ్మగా ఉంటుంది. దాని మీద క్రీము కూడా అక్కర్లేదు, వేయించిన జీడిపప్పు చాలు. నాకు అన్నిటికంటే ఇష్టమైన కేకు అదే.

క్రీము ఎంత గిలక్కొట్టినా గట్టిపడట్లేదు.

డబ్బా మీద కొవ్వు శాతం చూడండి. కూరల్లో వాడే ఫ్రెష్ క్రీములో 25 శాతమే ఉంటుంది. అది ఎన్ని గంటలు గిలక్కొట్టినా నిలబడదు. నిలబడాలంటే కనీసం 30 శాతం పైన ఉండాలి. బేకరీ సామాను షాపుల్లో గడ్డకట్టించి అమ్మే నాన్‌డెయిరీ విప్పింగ్ క్రీము మొదటిసారి చేసేవాళ్లకు సులువు. దాన్ని రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనివ్వండి. అక్కడక్కడ మంచు పలుకులు ఉండగానే, చల్లబరిచిన స్టీలు గిన్నెలో బీటర్‌తో కొట్టండి. మూడింతలకు పైగా పొంగుతుంది. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డ కట్టించవద్దు.

మే నెలలో పుట్టినరోజు. క్రీము జారిపోకుండా ఎలా?

మే నెలలో విప్పింగ్ క్రీము మానేయడమే మంచిది. మా పాప రెండో పుట్టినరోజుకు గులాబీ రంగు క్రీముతో రెండంతస్తుల కేకు చేశాను. కరెంటు పోయింది. నలభై నిమిషాల్లో పై అంతస్తు పక్కకు ఒరిగింది. మా అమ్మ గబగబా దాన్ని గిన్నెలోకి తీసి, మామిడిపండు ముక్కలు కలిపి, కప్పుల్లో వేసి పంచేసింది. పిల్లలు రెండోసారి అడిగి తిన్నారు.

బటర్‌క్రీము కూడా ఎండాకాలం నమ్మకం కాదు. వెన్న 30 డిగ్రీల పైన మెత్తబడిపోతుంది, మన హాల్లో వేడి అప్పటికే అంతకంటే ఎక్కువ. నేను ఎండల్లో చాక్లెట్ గనాష్ వాడతాను. 200 గ్రాముల డార్క్ చాక్లెట్‌కు 100 గ్రాముల ఫ్రెష్ క్రీము. క్రీము పొగలు వచ్చేదాకా వేడిచేసి, తురిమిన చాక్లెట్ మీద పోసి, రెండు నిమిషాలాగి కలపండి. కొన్ని గంటలు బయటే ఉంచితే పేరుకున్న నెయ్యిలా అవుతుంది, చాకుతో చక్కగా పూయొచ్చు. పెద్దవాళ్లకు చేసే కేకైతే ఇందులో ఒక చెంచా అరకు కాఫీ డికాషన్ కలపండి, రుచే మారిపోతుంది.

క్రీము కేకు బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. గదిలో వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. బంధువులందరూ వచ్చాకే ఫ్రిజ్‌లోంచి తీయండి.

కేకు మీద పేరు తెలుగులో రాయాలి. బేకరీల్లో ఇంగ్లిష్‌లోనే రాస్తారు. ఇంట్లో కుదురుతుందా?

కుదురుతుంది. నిజానికి మన అక్షరాలు కోనుతో రాయడానికే పుట్టినట్టుంటాయి. అన్నీ గుండ్రాలే, చెయ్యి ఎక్కడా మొండిగా ఆగదు. మీ ఇంట్లో ముగ్గు వేసేవాళ్లో, గోరింటాకు కోను పెట్టేవాళ్లో ఉంటే ఆ పని వాళ్లకే ఇవ్వండి. చుక్క పెట్టి, గీత లాగి, వేలి ఒత్తిడి తగ్గించి తెంపడం వాళ్ల చేతికి ముందే తెలుసు.

బటర్ పేపర్‌ను కోనులా చుట్టి, కరిగించిన చాక్లెట్ కొద్దిగా పోసి, మొన సన్నగా కత్తిరించండి. ముందు స్టీలు పళ్లెం మీద పేరు పదిసార్లు రాయండి. అక్షరం గుండ్రాన్ని ముందు, తలకట్టు తర్వాత, గుడులూ కొమ్ములూ ఆ తర్వాత, వత్తు చివర. అసలు చిక్కు వత్తులతోనే. ఇంగ్లిష్‌లో వరుసల మధ్య వదిలేంత ఖాళీ మనకు చాలదు. "ఐశ్వర్య" అని రాస్తే కింద రెండు వత్తులు దిగుతాయి, "సాత్విక్" అంటే కింద వత్తు, పైన పొల్లు. అందుకని రెండు వరుసల మధ్య ఒక అక్షరం ఎత్తు ఖాళీ ఉంచండి. "పుట్టినరోజు" ఒక వరుస, "శుభాకాంక్షలు" ఒక వరుస. రెండింటిలోనూ ఐదేసి అక్షరాలే కాబట్టి కేకు మీద చక్కగా కుదురుతాయి. ఏడంగుళాల కేకు మీద పేరు కూడా పట్టాలంటే ఇరుకవుతుంది. నేను పేరు ఒక్కటే పెద్దగా రాస్తాను.

రాసేముందు కేకు మీద టూత్‌పిక్‌తో లేతగా గీసుకోండి. తప్పు పోతే తుడవకండి, పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపడ్డాక చాకు మొనతో ఎత్తేయండి.

మొన్న మా పాప తన పేరును తానే చదువుకుంది, కేకు మీద. అప్పటికి తనకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు.

నాజిల్స్ (క్రీము కోను చివర తగిలించే మొనలు) ఎన్ని కొనాలి?

మూడు. పూలకు పెద్ద నక్షత్రం ఆకారంది, రాతకు సన్న గుండ్రటిది, ఆకులకు ఒకటి. ఇరవై నాలుగు ముక్కల సెట్టు ఇప్పుడే వద్దు.

మా బాబు సబ్‌మెరైన్ కేకు కావాలంటున్నాడు. బీచ్‌లో చూసిందే కావాలట.

ఆర్కే బీచ్‌లో కురుసురా చూసిన పిల్లలు చాలామంది ఇదే అడుగుతారు. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన ఆ జలాంతర్గామి 2002 నుంచి మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు, వెడల్పు ఏడున్నర మీటర్లు. అదే నిష్పత్తిలో కేకు చేస్తే సన్నటి కర్రలా విరిగిపోతుంది, అందుకని కొంచెం లావుగా చేసుకోవాలి.

రొట్టె ఆకారం టిన్నుల్లో రెండు కేకులు కాల్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లటి కేకు పొడి రాలకుండా కోతకు వస్తుంది. రెండింటినీ ఒకదాని చివర ఒకటి చేర్చి గనాష్‌తో అతికించండి. పై అంచులు, రెండు కొనలు చాకుతో గుండ్రంగా చెక్కండి. చెక్కిన ముక్కల్ని పారేయకుండా గనాష్‌తో ముద్దచేసి, మధ్యలో నిలబడే ఎత్తైన భాగం మలచండి. దాని పైన చాక్లెట్ పూసిన బిస్కెట్ పుల్ల పెరిస్కోపు. మొత్తం మీద పల్చగా గనాష్ పూసి, అరగంట చల్లబరిచి, రెండో పూత నున్నగా పూయండి. నలుపు రంగు ఎక్కువ వేస్తే చేదొస్తుంది, నోళ్లూ నల్లబడతాయి. డార్క్ చాక్లెట్‌లో కోకో కలిపితే వచ్చే ముదురు రంగు చాలు. పక్కన తెల్ల క్రీముతో "ఎస్ 20" అని రాయండి, అది కురుసురా నంబరు. చుట్టూ నీలం క్రీమును చెంచా వెనకతో లాగితే అలలు.

కిటికీలు పెట్టకండి. నేను జెమ్స్ బిళ్లలతో వరుసగా కిటికీలు పెట్టాను. మా బాబు చూసి, "నాన్నా, దానికి కిటికీలుండవు. లోపల మనం చూశాం కదా" అన్నాడు. ఇద్దరం కలిసి ఒక్కొక్కటే తీసేశాం.

కేకు మీద బొమ్మలు పెట్టాలంటే? ప్లాస్టిక్‌వి నచ్చట్లేదు.

ఏటికొప్పాక బొమ్మలు పెట్టండి. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రతో చేసి, లక్కకు ఆకులు, వేర్లు, గింజల నుంచి తీసిన రంగులు కలిపి పూస్తారు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పెళ్లికొడుకు పెళ్లికూతురు, ఎడ్లబండి, రైలు, పక్షులు, ఏది పెట్టినా కేకు మన ఇంటిదిగా కనిపిస్తుంది. బొమ్మ అడుగున బటర్ పేపర్ చక్రం వేసి నిలబెడితే క్రీము అంటదు, చెక్క తడవదు. కోసేముందు తీసి తుడిచి, షోకేసులో పెట్టుకోవచ్చు. మా ఇంట్లో ఇప్పటికి ఐదు పుట్టినరోజుల బొమ్మలు వరుసగా ఉన్నాయి.

మెరుపు పొడులు కొనేటప్పుడు తినదగినవని రాసి ఉందో లేదో చూడండి. "అలంకరణకు మాత్రమే" అని ఉంటే కేకుకు వాడకండి. నిజమైన పూలు పెడితే మందులు కొట్టనివి, ఇంటి గులాబీల్లాంటివి పెట్టండి. గన్నేరు పూలు విషం, కేకు దగ్గరికి కూడా రానివ్వద్దు.

ఫాండెంట్ (కేకు మీద కప్పే పంచదార ముద్ద) సంగతి?

మన తేమకు అది చెమటలు పోస్తుంది, జిగటగా అవుతుంది. బొమ్మలు చేయాలనుంటే మూడు రోజుల ముందే చేసి, ఫ్యాను గాలికి ఆరబెట్టి, ఫ్రిజ్‌లో పెట్టకుండా దాచి, చివరి నిమిషంలో కేకు మీద పెట్టండి. కేకంతా కప్పడం కొన్నాళ్లు ఆగి నేర్చుకోండి.

మా అత్తగారు దీపం ఆర్పకూడదంటారు. పిల్లలేమో కొవ్వొత్తి ఊదాలంటారు.

అత్తగారి మాట వినండి, పిల్లలకూ లోటు చేయకండి. మా ఇంట్లో ఇలా కుదిరింది: ఉదయం తలంటి, కొత్తబట్టలు, దేవుడి దగ్గర పిల్లల చేత్తోనే దీపం వెలిగించడం, నానమ్మ హారతి, పరమాన్నం. సాయంత్రం కేకు దగ్గర కొవ్వొత్తి లేకుండా అందరూ చప్పట్లు కొడుతుండగా కోయడం. ఊదే సరదా తీరడానికి సబ్బు బుడగల సీసా ఒకటి చేతికిచ్చాం. గదంతా బుడగలు. ఇప్పుడు వాళ్ల స్నేహితులు కూడా అదే అడుగుతున్నారు.

వేషం వేసుకునే కేకు కోయొచ్చా?

ఈ ఒక్క జవాబు దయచేసి జాగ్రత్తగా చదవండి. నైలాన్ నెట్, శాటిన్, ఊలు గడ్డం, కాగితం కిరీటం అన్నీ ఇట్టే అంటుకునేవే. నైలాన్ మండితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. కొవ్వొత్తి వెలిగిస్తే వేషం తీసి, కాటన్ బట్టలు వేసి, జుట్టు వెనక్కి కట్టి తీసుకురండి. నిప్పురవ్వలు చిమ్మే కొవ్వొత్తులు పిల్లల కేకు మీద వద్దే వద్దు. గాల్లోకి చల్లే నురగ స్ప్రేలు కూడా మంట దగ్గర అంటుకుంటాయి. వేషంతోనే కోయాలనుంటే ఆ రోజు మంట లేకుండా చేసుకోండి.

మొదటి పుట్టినరోజు. చంటిపాపకు కేకు పెట్టొచ్చా?

పాప కోసం విడిగా చిన్నది చేయండి: మెదిపిన అరటిపండు, ఇడ్లీ పిండి కలిపి ఆవిరి మీద ఉడికించి, పైన గట్టి పెరుగు పూస్తే బుజ్జి కేకులాగే ఉంటుంది. రెండేళ్లలోపు పిల్లలకు పంచదార వేసినవి పెట్టకుండా ఉంటేనే మంచిదని పిల్లల డాక్టర్లు చెబుతారు. ఏడాది నిండకముందు తేనె నాకించకూడదు. వేషం మీద పూసలు, కుందన్లు అంటించినవైతే ఊడి నోట్లోకి పోతాయి. ఈ వయసుకు అంచు కుట్టిన బట్టే అలంకారం.

గాజువాకలో చేసి మధురవాడలో ఉన్న అన్నయ్య ఇంటికి తీసుకెళ్లాలి.

ఒళ్లో పెట్టుకోవద్దు, సీటు మీదా పెట్టొద్దు. సీటు వాలుగా ఉంటుంది. కారులో ముందు సీటు కింద కాళ్లు పెట్టుకునే చోట తడి తువ్వాలు పరిచి, దాని మీద డబ్బా పెట్టండి, జారదు. ఏసీ కేకు వైపు ఉంచండి. కేకు అడుగున అట్టకు ఒక చెంచా గనాష్ పూసి దాని మీద కేకు పెట్టి ఉంటే మలుపుల్లో కదలదు. ఆటోలో, స్కూటీ మీద అయితే పూత మాత్రమే పూసి తీసుకెళ్లి, పూలూ పేరూ అక్కడికి వెళ్లాక వేయండి. కోనును ఐసు ముక్కలున్న టిఫిన్ డబ్బాలో పెట్టుకుంటే సరిపోతుంది.

పండగయ్యాక వేషాల్ని ఏం చేయాలి?

చెమట ఆరకుండా మడిస్తే మన ఊళ్లో వారానికే బూజు మరకలు పడతాయి. కాటన్‌వి ఉతికి, పట్టు, జరీవి నీడలో గాలికి ఆరేసి, పాత కాటన్ పంచెలో చుట్టి పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో వద్దు. మధ్యలో లవంగాలు కట్టిన చిన్న మూట వేయండి. కిరీటాలు లోపల కాగితం ఉండలు కుక్కి అట్టపెట్టెలో నిలబెట్టాలి. పెట్టె మీద కొలత, వయసు, సంవత్సరం రాయండి. మా కృష్ణుడి కిరీటం ఇప్పుడు మూడో ఇంట్లో ఉంది. వెనక ఎలాస్టిక్ మార్చి, నుదుటి దగ్గర కొత్త బట్ట కుట్టి ఇచ్చాను.